పాంటలియోనీ నిజంగా మారాడా? స్వేచ్ఛా మార్కెట్ నుంచి ఫియూమె దాకా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఎం.ఏ. ఎకనమిక్స్‌లో సెమినార్ పేపర్ కోసం ఇటాలియన్ ఆర్థికవేత్త మఫేయో పాంటలియోనీ గురించి చదువుతున్నారు. ఒక చోట ఆయన స్వేచ్ఛా వాణిజ్యం కోసం ప్రభుత్వాలతో గొడవపడ్డ ఉదారవాది అని ఉంది. ఇంకో చోట తీవ్ర జాతీయవాది, ముస్సోలినీ కాలపు సెనేటర్, యూదు ద్వేషి అని ఉంది. ఇద్దరూ ఒకరేనా, ఒకరే అయితే ఎప్పుడు, ఎందుకు మారాడు, ఆయన ఎకనమిక్స్‌లోనే దానికి బీజం ఉందా అని అడిగారు.

ఇద్దరూ ఒకరే. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఆయన ఆర్థిక సిద్ధాంతం పెద్దగా మారలేదు. మార్కెట్‌కు శత్రువు ఎవరు అన్న ఆయన లెక్క మారింది. 1890ల్లో ఆ శత్రువులు సుంకాలు పెంచే మంత్రులు, అడ్డగోలుగా నోట్లు అచ్చేసే బ్యాంకులు, ఆఫ్రికాలో యుద్ధాలకు ఖజానా ఊడ్చే ప్రభుత్వం. 1915 తర్వాత ఆ జాబితాలోకి జర్మన్ పెట్టుబడి, సోషలిస్టులు, పార్లమెంటు వచ్చి చేరాయి. చివరికి యూదులు కూడా. ఇక బీజం సంగతి అంటారా, ఆయన సిద్ధాంతం అటు వెళ్లమని చెప్పలేదు. వెళ్తుంటే అడ్డం మాత్రం పడలేదు. ఈ రెంటికీ తేడా ఉంది, మీ పేపర్ అంతా ఆ తేడా మీదే నిలబడాలని నా అభిప్రాయం.

నేను చాలా ఏళ్లు పబ్లిక్ ఫైనాన్స్, ఆర్థిక ఆలోచనల చరిత్ర పాఠాలు చెప్పాను. మన సిలబస్‌లో ఇటాలియన్ ఆర్థికవేత్త విల్ఫ్రెదో పరేటోకి ఒక యూనిట్ దొరుకుతుంది, పాంటలియోనీకి ఒక లైను కూడా కష్టం. పిల్లలు ఇద్దరినీ కలిపేసి రాస్తారు. తమాషా ఏమిటంటే పరేటో ఆ స్థాయికి రావడానికి ముఖ్య కారణం పాంటలియోనీయే. ఇంజనీరుగా పనిచేస్తున్న పరేటోని, మార్కెట్లన్నిటినీ కలిపి సమీకరణాలతో చూపిన ఆర్థికవేత్త లియోన్ వాల్రా సిద్ధాంతం వైపు తిప్పిందీ, వాల్రాకి పరిచయం చేసిందీ ఈయనే. 1893లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో వాల్రా ప్రొఫెసర్ కుర్చీ పరేటోకి దక్కింది. వాళ్లిద్దరి స్నేహం పరేటో చనిపోయేదాకా సాగింది. పరేటో ఈయనకు రాసిన ఉత్తరాలే తర్వాత మూడు సంపుటాలయ్యాయి.

ఇక మనిషి గురించి. 1857 జులై 2న రోమ్ పక్కన ఫ్రస్కాతిలో పుట్టాడు. తండ్రి డయోమెడె పాంటలియోనీ వైద్యుడు, ఇటలీ ఏకీకరణ కోసం పనిచేసినవాడు, తర్వాత సెనేటర్. రోమ్ నగరం ఎవరిదన్న సమస్య మీద పోప్‌తో రాజీకి ప్రధాని కవూర్ 1861లో నడిపించిన మంతనాల్లో ఆయన కూడా ఉన్నాడు. తల్లి వైపు వాళ్లది బ్రిటిష్ కుటుంబం. కుర్రవాడి చదువు కొంత జర్మనీలో జరిగింది. అంటే ఇంగ్లీషు, జర్మన్ రెండూ చిన్నప్పుడే వచ్చాయి. బ్రిటిష్ ఆర్థికవేత్తలనూ ఆస్ట్రియన్లనూ నేరుగా చదివి ఇటలీకి తేగలిగాడంటే ఈ పెంపకం వల్లే. తర్వాత అంత జర్మన్ ద్వేషిగా మారినవాడు జర్మన్ బడిలో పెరిగినవాడని మాత్రం మర్చిపోకండి.

రోమ్‌లో లా డిగ్రీ అయ్యాక 1882లో పన్ను భారం బదిలీ మీద పుస్తకం వేశాడు. ప్రభుత్వం ఇంటి యజమాని మీద పన్ను వేస్తే ఆ డబ్బు చివరికి యజమాని జేబులోంచి పోతుందా, అద్దె పెరిగి అద్దెకున్నవాడి జేబులోంచి పోతుందా? ఇవాళ మనం ఇన్సిడెన్స్ అని చెప్పుకునే పాఠమే ఇది. పాతికేళ్ల వయసులో రాశాడు.

మరుసటి ఏడాది, 1883లో, ప్రభుత్వ ఖర్చుల పంపకం మీద ఒక వ్యాసం రాశాడు. మీరు తప్పకుండా చదవాల్సింది అదే. మస్‌గ్రేవ్, పీకాక్ కలిసి 1958లో తెచ్చిన పబ్లిక్ ఫైనాన్స్ క్లాసిక్స్ సంకలనంలో దాని ఇంగ్లీషు అనువాదం ఉంది. యూనివర్సిటీ లైబ్రరీలో పాత అరల్లో దొరకవచ్చు. అందులో వాదన ఇలా సాగుతుంది: ఒక ఖర్చు మంచిదా కాదా అని దాన్ని విడిగా చూసి చెప్పలేం. అదే డబ్బు ఇంకో పద్దుకి పెడితే వచ్చే ప్రయోజనంతోనూ, అసలు పన్నే వేయకుండా జనం దగ్గరే వదిలేస్తే వచ్చే ప్రయోజనంతోనూ పోల్చాలి. చివరి రూపాయి (ఆయన లెక్కలో చివరి లీరా) ఏ పద్దులో పెట్టినా ఒకే ప్రయోజనం ఇచ్చేలా ఉండాలి. మార్జినల్ యుటిలిటీని (చివరి యూనిట్ ఇచ్చే అదనపు ప్రయోజనాన్ని) బడ్జెట్‌కు అన్వయించిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి.

కానీ ఈ పోలిక చేసేది ఎవరు? పార్లమెంటు. ఇంకాస్త కచ్చితంగా చెప్పాలంటే, పార్లమెంటులో ఉన్న సగటు తెలివి. ఈ మాట దగ్గర ఆగండి. 1883లో అది వట్టి విశ్లేషణ. బడ్జెట్ ఎంత బాగుంటుందన్నది దాన్ని రాసే సభ తెలివిని బట్టి ఉంటుంది, అంతే. ముప్పై ఏళ్ల తర్వాత ఆయనకు ఆ సభ తెలివి మీద నమ్మకం పూర్తిగా పోయింది. అప్పుడు అదే సూత్రం ఎటు దారి తీస్తుంది? సభనే పక్కన పెడితే సరి అన్న చోటికి. సూత్రం ఒక్క అక్షరం కూడా మారలేదు.

1884లో ఇటలీలో ప్రైవేటు ఆస్తి మొత్తం ఎంత ఉంటుందో లెక్కగట్టాడు. ఏటా వారసత్వంగా చేతులు మారే ఆస్తి వివరాలు పన్ను కాగితాల్లో ఉంటాయి. ఒక తరం నుంచి ఇంకో తరానికి ఆస్తి మారడానికి సగటున ఎన్నేళ్లు పడుతుందో దానితో హెచ్చిస్తే మొత్తం అంచనా వస్తుంది. 1889లో శుద్ధ ఆర్థికశాస్త్రం మీద పాఠ్యపుస్తకం వచ్చింది. అది 1898లో ఇంగ్లీషులోకి వెళ్లింది. 1890లో డి విటి డి మార్కో, మజ్జోలా, జోర్లి అనే మిత్రులతో కలిసి జోర్నాలే దెల్యి ఎకోనోమిస్తి పత్రికను చేతిలోకి తీసుకున్నాడు. ఇటలీలో స్వేచ్ఛా వాణిజ్యవాదులకు అది కోట. 1887లో ఇటలీ ధాన్యం మీదా, ఉక్కు మీదా సుంకాలు పెంచింది. ఫ్రాన్స్‌తో టారిఫ్ యుద్ధం మొదలై దక్షిణ ఇటలీ ద్రాక్షసారా రైతులు మునిగిపోయారు. ఆ రోజుల్లో పాంటలియోనీ బారీలో వాణిజ్య కళాశాలలో ఉన్నాడు. అంటే ఆ దెబ్బ తగిలిన ఊళ్లోనే. రక్షణ సుంకం అంటే కొన్ని ఫ్యాక్టరీల కోసం మిగతా దేశం కట్టే కప్పం అన్న అభిప్రాయం ఆయనకు పుస్తకాల్లోంచి మాత్రమే రాలేదు.

ఇక బాంకా రొమానా కుంభకోణం. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన తర్వాతి కోపానికి వేరు ఇక్కడ ఉంది.

అప్పట్లో ఇటలీలో నోట్లు వేసే హక్కు ఒక్క బ్యాంకుది కాదు, ఆరు బ్యాంకులకు ఉండేది. వాటిలో బాంకా రొమానా ఒకటి. 1889లో సెనేటర్ అల్విజి, ఖజానా అధికారి బియాజినీ చేసిన తనిఖీలో దాని బండారం బయటపడింది. చట్టం అనుమతించిన పరిమితి దాటి నోట్లు వేశారు. అది చాలక, పాత నోట్ల మీద ఉన్న సీరియల్ నంబర్లతోనే మళ్లీ కొత్త నోట్లు అచ్చేయించారు. ఒకే నంబరుతో రెండేసి నోట్లు. ఆ డబ్బు రాజకీయ నాయకులకు, పత్రికలవాళ్లకు, బిల్డర్లకు అప్పులుగా పోయింది. ప్రభుత్వం రిపోర్టును తొక్కిపెట్టింది. దాని ప్రతి ఒకటి పాంటలియోనీ దగ్గరకు చేరింది. ఆయన దాన్ని సిసిలీకి చెందిన డిప్యూటీ (పార్లమెంటు సభ్యుడు) నపోలియోనె కొలయాన్నికి అందించాడు. 1892 డిసెంబర్ 20న కొలయాన్ని సభలో లేచి చదివాడు. మరుసటి నెల బ్యాంకు గవర్నర్ తాన్లోంగో అరెస్టయ్యాడు. 1893లో బాంకా దితాలియా, అంటే ఇటలీ బ్యాంకు, పుట్టింది. అదే ఏడాది నవంబర్‌లో ప్రధాని జొలిట్టి దిగిపోయాడు. 1894లో కోర్టు తాన్లోంగోను నిర్దోషిగా వదిలేసింది. అసలు పత్రాలు కొన్ని మాయమయ్యాయని గోల జరిగింది కూడా.

దీన్నుంచి పాంటలియోనీ నేర్చుకున్న పాఠం అవినీతి చెడ్డదని కాదు, అది ఎవరికైనా తెలుసు. పార్లమెంటు, బ్యాంకులు, పత్రికలు ఒకదాని వీపు ఒకటి గోక్కుంటాయని, బయట నుంచి పేల్చితే తప్ప లోపల నుంచి ఏదీ బాగుపడదని ఆయనకు గట్టిగా నాటుకుంది. జొలిట్టి మీద పగ కూడా అప్పుడు మొదలైందే. ఆ పేరు మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఆ కాలంలో ఆయన్ని జాతీయవాది అనే ప్రసక్తే లేదు. ప్రధాని క్రిస్పి ప్రభుత్వం ఇథియోపియా మీదకు వెళ్లి 1896లో అద్వా దగ్గర ఘోరంగా ఓడిపోయినప్పుడు, ఆ వలస దండయాత్రలను మొదటి నుంచీ తిట్టిపోసినవాళ్లలో ఈ పత్రిక బృందం ముందుంది. ప్రభుత్వంతో సరిపడక జెనీవా వెళ్లి కొన్నేళ్లు అక్కడే పాఠాలు చెప్పాడు. 1900లో మచెరాతా నుంచి పార్లమెంటుకు ఎన్నికైంది కూడా రాడికల్స్ వైపు, అంటే ఎడమ పక్షం బెంచీల్లోకి. సోషలిస్టులతో కలిసి కూర్చున్నాడు! సైన్యాన్ని దింపి సమ్మెలు అణిచే ప్రభుత్వాల కంటే వీళ్లే నయం అనుకున్న రోజులవి. ఆ కాపురం ఎక్కువ కాలం నిలవలేదు. 1902లో రోమ్ యూనివర్సిటీ కుర్చీ దక్కింది, ఆ తర్వాత జీవితమంతా అక్కడే.

మలుపు ఎప్పుడు? చాలామంది 1914 అంటారు, యుద్ధం కాబట్టి. నా దృష్టిలో అసలు మలుపు అంతకు ముందు, 1901 నుంచి 1914 దాకా సాగిన జొలిట్టి యుగంలో ఉంది. జొలిట్టి సమ్మెలను తుపాకులతో అణచలేదు. యూనియన్లను మాట్లాడనిచ్చాడు, సహకార సంఘాలకు కాంట్రాక్టులు ఇచ్చాడు, ఇటు ఉక్కు ఫ్యాక్టరీలకు సుంకం రక్షణ కొనసాగించాడు. 1912లో ఓటు హక్కును దాదాపు మగవాళ్లందరికీ విస్తరించాడు. మామూలు చరిత్ర పుస్తకంలో ఇది ఇటలీ ప్రజాస్వామ్యం ఎదిగిన కాలం. పాంటలియోనీకి మాత్రం ఇది ప్రతి గుంపుకీ ఖజానాలోంచి ఒక ముద్ద పెట్టి నోరు మూయించే పద్ధతి.

దీన్నే 1911లో ఆయన సిద్ధాంతంగా రాశాడు. రాజకీయ ధరల మీద వ్యాసం అది. నాకు ఆయన రచనల్లో బాగా నచ్చింది ఇదే. మార్కెట్ ధర కొనేవాడు ఎవరని అడగదు. రాజకీయ ధర అడుగుతుంది: నీ ఓటు ఎటు, నీ కులవృత్తి ఏది, నీ ఆదాయం ఎంత అని చూసి ధర చెబుతుంది. క్లాసులో నేను 1983లో ఎన్టీఆర్ పెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం ఉదాహరణగా చెప్పేవాణ్ణి. అది తప్పా ఒప్పా అని కాదు, కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా ఎవరో ఒకరు కట్టాలి అన్న పాయింటు కోసం. పాంటలియోనీ అక్కడితో ఆగడు. రాజకీయ ధరలు తమంతట తాము బతకలేవు, పక్కన ఉన్న మార్కెట్ ధరల మీద ఆనుకుని బతుకుతాయి. అవి పెరిగే కొద్దీ వాటిని మోసే మార్కెట్ భాగం చిన్నదవుతుంది, దాని మీద బరువు పెరుగుతుంది. అన్నీ రాజకీయ ధరలే అయిన వ్యవస్థ ఉండడం అసాధ్యం.

వాదనగా ఇది చాలా గట్టిది. కానీ ఇందులోంచి రాజకీయ నిర్ణయం రెండు రకాలుగా తీయవచ్చు. ఒకటి: జనానికి లెక్క చెప్పి, ఒప్పించి, సబ్సిడీలు తగ్గించాలి. రెండోది: జనం ఎన్నటికీ ఒప్పుకోరు కాబట్టి వాళ్లకు ఆ నిర్ణయం మీద హక్కే ఉండకూడదు. ఆయన రెండోది ఎంచుకున్నాడు. ఆ ఎంపిక ఎకనమిక్స్ చేసింది కాదు.

దీనికంటే ముందే ఆయన రాతల్లో ఇంకో పాయ ఉంది. 1898లో బ్రిటిష్ ఎకనామిక్ జర్నల్‌లో బలవంతులు, బలహీనులు అన్న భావనల మీద ఒక వ్యాసం రాశాడు. ఇద్దరి మధ్య సంబంధం దోపిడీ కావచ్చు, ఒకరి మీద ఒకరు పడి బతకడం కావచ్చు, ఇద్దరికీ లాభమైన మారకం కావచ్చు. మారకం జరగాలంటే ముందు దోపిడీ ఆగాలి, ఆపేవాడికి బలం ఉండాలి. 1889 పుస్తకంలో కూడా మనిషి స్వార్థంతో పాటు జాతి స్వార్థం అనే మాట వస్తుంది. తన ఒక్కడి లాభం కాక తన గుంపు మొత్తం లాభం చూసుకునే స్వార్థం అన్నమాట. డార్విన్, స్పెన్సర్ గాలి బాగా వీచిన రోజులు కాబట్టి అప్పుడు అది ఎవరికీ వింతగా అనిపించలేదు. యుద్ధం వచ్చాక ఈ గుంపు స్వార్థం స్థానంలో దేశం కూర్చుంది. పెద్ద మార్పు అక్కర్లేకపోయింది.

1914 జులై చివర్లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇటలీ తటస్థంగా ఉండాలని జొలిట్టి, సోషలిస్టులు, కాథలిక్కుల్లో చాలామంది అన్నారు. పాంటలియోనీ యుద్ధంలోకి దూకాల్సిందేనన్న వైపు నిలబడ్డాడు. జర్మన్ పెట్టుబడి మీద దాడి మొదలెట్టాడు. 1894లో జర్మన్ బ్యాంకుల డబ్బుతో మిలాన్‌లో పుట్టిన బాంకా కొమ్మెర్చాలె ఇటలీ పరిశ్రమలను బెర్లిన్ గుప్పిట్లో పెడుతోందన్నది ఆరోపణ. ఈ ప్రచారానికి నాయకుడు జొవాన్ని ప్రెజియోసి, ఒకప్పటి పూజారి, లా వీటా ఇతాలియానా పత్రిక సంపాదకుడు. జర్మనీ ఇటలీని జయిస్తోంది అంటూ ప్రెజియోసి 1915లో వేసిన పుస్తకానికి పాంటలియోనీ నోట్ జోడించాడు. అక్కడి నుంచి ఇద్దరూ ఒకే పత్రికలో.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. అంతకు ఇరవై ఏళ్ల ముందు క్రెదితో మొబిలియారె బ్యాంకు ఎందుకు కూలిందో 1895లో పాంటలియోనీ రాసిన అధ్యయనం ఇవాళ్టికీ చదవదగ్గది. తక్కువ కాలానికి తెచ్చిన డిపాజిట్లను ఎక్కువ కాలం ఇరుక్కుపోయే పరిశ్రమల వాటాల్లో పెట్టడం లాంటి సంగతులన్నీ ఖాతాలు విప్పి చూపించాడు. అదే మనిషి 1915లో బ్యాంకును విమర్శిస్తే ఖాతాలు కాదు, డైరెక్టర్ల పుట్టుక ముందుకొచ్చింది. నడిపేవాళ్లలో ఒట్టో యోయెల్, తోప్లిట్జ్ లాంటివాళ్లు యూదు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. జర్మన్ అన్న మాట పక్కన యూదు అన్న మాట ఎలా చేరిందో ఇక్కడ కనబడుతుంది. 1917లో యుద్ధం మీద రెండు వ్యాస సంపుటాలు, 1918, 1919ల్లో ఒక్కోటి, 1922లో ఇటాలియన్ బోల్షెవిజం మీద ఒకటి బారీలోని లాతెర్జా వేసింది. మొదటి వాటిలో ఇంకా ఆర్థికవేత్త గొంతు వినబడుతుంది. పోను పోను తిట్లు పెరిగి లెక్కలు తగ్గుతాయి. 1921లో ప్రెజియోసి, యూదులు ప్రపంచాన్ని ఏలే కుట్ర పన్నారని చెప్పే యూదు పెద్దల ప్రోటోకాల్స్ అనే ఫోర్జరీని ఇటాలియన్‌లో అచ్చేశాడు. పాంటలియోనీ ఆ శిబిరంలోనే ఉన్నాడు, ఆ కుట్ర కథనే నమ్మాడు, తన పేరుతో రాశాడు. కొందరు వ్యాసకర్తలు దీన్ని వయసు మీద పడిన చాదస్తంగా చెప్పి దాటేస్తారు. మీరు దాటేయకండి. ఆ ప్రెజియోసి తర్వాత 1944లో, జర్మన్ల అండతో ఉత్తర ఇటలీలో నడిచిన ముస్సోలినీ సాలో ప్రభుత్వంలో జాతి వ్యవహారాల ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. పాంటలియోనీ అంత దూరం చూడకుండానే పోయాడు, నిజమే. కానీ ఆ పత్రికకు యూనివర్సిటీ ప్రొఫెసర్ గౌరవం తెచ్చిపెట్టినవాళ్లలో ఆయన ముందున్నాడు.

ఫియూమె కథ ఇంకో విచిత్రం. ఇవాళ క్రొయేషియాలో రియెకా అని పిలిచే ఓడరేవు అది. యుద్ధం గెలిచినా ఆ ఊరు ఇటలీకి ఇవ్వలేదని కవి గాబ్రియేలె దన్నుంజియో 1919 సెప్టెంబర్ 12న సైనికులను వెంటేసుకుని దాన్ని పట్టుకున్నాడు. 1920 సెప్టెంబర్‌లో కర్నారో రీజెన్సీ అని స్వతంత్ర రాజ్యం ప్రకటించాడు. దానికి ఆర్థిక మంత్రి పాంటలియోనీ!

ఆ రాజ్యాంగం ముసాయిదా రాసింది అల్చెస్తె దె అంబ్రిస్ అనే సిండికలిస్టు (కార్మిక సంఘాల చేతికే పరిశ్రమలు రావాలనే) నాయకుడు. ప్రతి పౌరుడూ పది వృత్తి సంఘాల్లో ఏదో ఒక దానిలో ఉండాలి. ఆస్తి వ్యక్తికి సంపూర్ణ హక్కు కాదు, అదొక సామాజిక బాధ్యత అని అందులో రాసి ఉంది. ఇక ఖజానా సంగతి: దిగ్బంధంలో ఉన్న ఊరు, పన్నులు పిండడానికి వ్యాపారమే లేదు. పాతకాలపు ఆడ్రియాటిక్ సముద్రపు దొంగల పేరు పెట్టుకున్న ఉస్కోకి దళాలు ఓడలను మళ్లించి తెచ్చేవి. 1920లో కోన్యె అనే సరుకు ఓడను అలాగే తెచ్చి, వదలడానికి డబ్బు వసూలు చేశారు. పన్ను చివరికి ఎవరి జేబులోంచి పోతుందో ఇటలీకి నేర్పిన మనిషి ఆ రాజ్యానికి ఆర్థిక మంత్రి. ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకుంటాం. ఆయనకు ఇందులో ఆర్థిక వైరుధ్యం కనబడలేదంటే కారణం ఒకటే. అప్పటికి ఆయన దృష్టిలో ముందు ప్రశ్న రోమ్‌లోని సర్కారును పడగొట్టడం, ధరల సంగతి తర్వాత. 1920 డిసెంబర్ చివర్లో ఇటలీ సైన్యమే ఫియూమె మీద దాడి చేసింది, దన్నుంజియో భవనం మీద యుద్ధనౌక గుండు పేల్చింది. ఆ ఆదేశం ఇచ్చిన ప్రభుత్వానికి ప్రధాని ఎవరో తెలుసా? జొలిట్టి.

అదే ఏడాది సెప్టెంబర్‌లో ఉత్తర ఇటలీలో కార్మికులు ఫ్యాక్టరీలు ఆక్రమించారు. సర్కారు నష్టానికి అమ్మే రొట్టె ధరను ముట్టుకోబోయి జూన్‌లోనే ప్రధాని నిత్తి ప్రభుత్వం పడిపోయింది. 1911 వ్యాసంలో రాసింది తన కళ్లముందే జరుగుతోందని పాంటలియోనీకి అనిపించి ఉంటుంది. అలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆ రొట్టె సబ్సిడీని 1921లో ఎత్తేసింది జొలిట్టి, పార్లమెంటు ద్వారానే ఎత్తేశాడు. అంటే జనం ఎన్నటికీ ఒప్పుకోరన్న లెక్క తప్పని ఆ సభే చూపించింది. పాంటలియోనీ రాతల్లో ఈ ముక్కకు తగిన చోటు దక్కలేదని నా ఫిర్యాదు.

1922 అక్టోబర్‌లో ముస్సోలినీ వచ్చాడు. ఆర్థిక శాఖ అల్బెర్తో దె స్తెఫానికి దక్కింది. ఆయన ఖర్చులు కోసి, కొన్ని పన్నులు తీసి, టెలిఫోన్లు ప్రైవేటుకి ఇచ్చే దారి పట్టాడు. అంటే పాంటలియోనీ ముప్పై ఏళ్లుగా అడుగుతున్నదే! 1923లో పాంటలియోనీ సెనేటర్ అయ్యాడు. పరేటోకి కూడా అదే ఏడాది ఆ పిలుపు వచ్చింది, ఆగస్టులో పరేటో పోయాడు. 1924 అక్టోబర్ 29న పాంటలియోనీ మిలాన్‌లో కన్నుమూశాడు. ఫాసిస్టుల చేతిలో సోషలిస్టు డిప్యూటీ మత్తెయోత్తి హత్య జరిగి అప్పటికి నాలుగు నెలలు దాటింది. మరుసటి ఏడాదే దె స్తెఫానిని తప్పించారు, గోధుమ మీద సుంకం మళ్లీ వచ్చింది, ఆ తర్వాత అంతా యజమానులనూ కార్మికులనూ సర్కారు సంఘాల్లో కట్టేసే కార్పొరేటివ్ రాజ్యం, ప్రభుత్వ కంపెనీలు. బతికుంటే ఏమనేవాడో ఊహించి రాయకండి, ఎగ్జామినర్ అక్కడే పట్టుకుంటాడు.

మీ పేపర్‌లో రెండు పోలికలు కచ్చితంగా పెట్టండి.

మొదటిది అల్ఫ్రెదో రోక్కో, ఎన్రికో కొర్రాదినిలతో. వాళ్లు ఇటాలియన్ జాతీయవాద సంఘం మనుషులు. కొర్రాదిని ఇటలీని శ్రామిక దేశం అనేవాడు, అంటే దేశాల మధ్యే వర్గపోరాటం అని. రోక్కో స్వేచ్ఛా వాణిజ్యాన్నే తిరస్కరించాడు. దేశం బలపడాలంటే సుంకాలు, కార్టెళ్లు (ధరలు కలిసి నిర్ణయించుకునే కంపెనీల కూటములు), రాజ్యం చేతిలో యూనియన్లు కావాలన్నాడు. పాంటలియోనీ ఈ దారిలో పోలేదు. ఆయన జాతీయవాదం జెండా, యుద్ధం, శత్రువుల జాబితా వరకే. ధరలు, సుంకాలు, బడ్జెట్ దగ్గరికొచ్చేసరికి పాత మాంచెస్టర్ మనిషే, అంటే స్వేచ్ఛా వాణిజ్యవాదే. ఆర్థిక జాతీయవాది అనే లేబుల్ ఆయనకు అతికించేస్తే పేపర్ మొదటి పేజీలోనే తప్పుతుంది.

రెండోది డి విటి డి మార్కోతో. నాకు ఇదే ముఖ్యం. అదే పత్రిక, అదే సిద్ధాంతం, సుంకాల మీద అదే పోరాటం, క్రిస్పి మీద అదే కోపం. 1915లో ఆయన కూడా ఇటలీ యుద్ధంలోకి దిగాలనే అన్నాడు. పార్లమెంటు మీద విసుగు కూడా ఉంది. అయినా ఫాసిజం వైపు పోలేదు. ప్రొఫెసర్లంతా ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయాలని 1931లో హుకుం వస్తే, ఆ ప్రమాణం తప్పించుకోవడానికి రోమ్ యూనివర్సిటీ కుర్చీయే వదిలేశాడు. ఇంకో ఉదారవాద ఆర్థికవేత్త లుయీజి ఐనౌది కూడా దె స్తెఫాని బడ్జెట్లను మొదట్లో మెచ్చుకున్నవాడే. మత్తెయోత్తి హత్య నాటికి ఎదురు తిరిగాడు, యుద్ధం తర్వాత 1948లో ఇటలీ అధ్యక్షుడయ్యాడు. ఒకే సిద్ధాంతం చదివిన ముగ్గురు మూడు దారుల్లో పోయారంటే బీజం సిద్ధాంతంలో ఉందనే వాదన నిలవదు. సిద్ధాంతానికి ఏ పాపం తెలియదనే వాదన కూడా నిలవదు, ఎందుకంటే పాంటలియోనీ తన పాత పనిముట్లతోనే కొత్త ద్వేషాన్ని కట్టుకున్నాడు.

ఆయన్ని చదవాలా, వదిలేయాలా అన్న సందేహం మీ ప్రశ్న చివర్లో ఉంది. చదవాలి. ఎకనామిక్ జర్నల్‌లో 1924లో ఆయన సంతాప వ్యాసం రాసింది ఇద్దరు: అకిల్లె లోరియా, పియెరో స్రాఫా. ఇద్దరూ యూదు కుటుంబాల్లో పుట్టినవాళ్లు. స్రాఫా అయితే కమ్యూనిస్టు నాయకుడు గ్రామ్‌షీ స్నేహితుడు, వామపక్షం. పాంటలియోనీ రాజకీయాలు ఏమిటో వాళ్లకు మనకంటే బాగా తెలుసు. అయినా ఆర్థికవేత్తగా ఆయనకు దక్కాల్సిన చోటు ఇచ్చారు.

ఇంగ్లీషులో ఆయన శుద్ధ సిద్ధాంతమే ఎక్కువ దొరుకుతుంది, రాజకీయ సంపుటాలు ఇటాలియన్‌లోనే ఉన్నాయి. అందుకే ఇంగ్లీషు మీద ఆధారపడి రాసే పేపర్లు చాలావరకు ఉదారవాది పాంటలియోనీ దగ్గరే ఆగిపోతాయి. మీరు 1883 వ్యాసంలో పార్లమెంటు సగటు తెలివి అన్న చోట మొదలుపెట్టి, 1898 బలవంతులు-బలహీనుల వ్యాసం, 1911 రాజకీయ ధరలు, అక్కడి నుంచి యుద్ధకాలపు రాతలు అన్న వరసలో వెళ్లండి. స్కాన్ చేసిన ఇటాలియన్ ప్రతులు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. అనువాద యాప్‌తో విషయసూచిక, ముందుమాట వరకు చదివినా చాలావరకు గాలి తెలుస్తుంది. ఏదైనా పేరా కొటేషన్‌గా వాడేటట్లయితే మాత్రం ఇటాలియన్ వచ్చినవాళ్లకు ఒకసారి చూపించాకే వాడండి.